ఆటోనగర్‌లో విండ్‌షీల్డ్ రిపేర్ ట్రైనింగ్: 8,000 పెట్టొచ్చా?

గుంటూరులో మాకు కార్ వాష్ ఉంది. పక్కనే సీటు కవర్లు, మ్యాట్లు అమ్మే చిన్న షాపు. "అక్కా, ముందు గ్లాసు మీద రాయి తగిలింది, ఏమన్నా చేస్తారా?" అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. కంకర టిప్పర్ వెనకాల పోయిన బండి ఏదైనా అంతే కదా. వచ్చిన వాళ్లందరినీ విజయవాడకు పంపడం దేనికి, మనమే నేర్చుకుంటే పోలా అనిపించి, ఆటోనగర్‌లో ఒక గ్లాసు షాపువాళ్లు శని, ఆదివారాలు నడిపే ట్రైనింగ్‌లో చేరాను. ఫీజు 8,000, మధ్యాహ్నం భోజనం వాళ్లదే. షాపు పేరు రాయడం లేదు. కింద కొన్ని చేదు మాటలు కూడా ఉన్నాయి మరి.

ముందు మంచి సంగతి. నేర్పే మాస్టారికి పని మీద పట్టుంది, దాచుకునే బుద్ధి లేదు. మొదటి రోజు పొద్దున్నే ఒక పాత విండ్‌షీల్డ్ తెచ్చి మా ముందే సుత్తితో కొట్టి చూపించారు. అది పగిలింది కానీ రాలలేదు. రెండు అద్దాల మధ్య పీవీబీ అని ముప్పావు మిల్లీమీటరు మందం పొర ఉంటుంది, అదే పట్టుకుని ఉంచుతుంది. రాయి తగిలితే మామూలుగా దెబ్బతినేది బయటి అద్దం ఒక్కటే, కాబట్టే రిపేరు సాధ్యం. లోపలి అద్దానికీ పగులు పాకితే ఇక చేసేదేం లేదు. సైడు గ్లాసులకు ఈ పని పనికిరాదు. చాలా బండ్లలో అవి టెంపర్డ్ గ్లాసులు, పగిలితే పలుకులై రాలిపోతాయి. "బండి రాగానే లోపల కూర్చుని గోరుతో గీకి చూడమ్మా. గోరు తట్టుకుందా, ఇక మనది కాదు, పంపించెయ్" అన్నారు. ఆ ఒక్క మాటకే సగం ఫీజు ఇవ్వొచ్చు.

అసలు పనికొస్తే, చిప్‌లో, అంటే రాయి తగిలి ఏర్పడ్డ చిన్న దెబ్బలో, మన కంటికి కనిపించేది ఎక్కువగా గాలే. పగుల్లో గాలి ఉండబట్టి వెలుతురు అక్కడ విరిగి మెరుస్తుంది, లేదా నల్లగా కనిపిస్తుంది. ఆ గాలి తీసి, అద్దంలాగే వెలుతురును పోనిచ్చే రెజిన్ (యూవీ వెలుగు తగిలితే గట్టిపడే జిగురు) నింపితే పగులు కంటికి ఆనదు. చెప్పడానికి ఇంతే. చేతికి రావడానికి మాత్రం ఓపిక కావాలి. ముందు సూదితో రాయి తగిలిన గుంటలోని గాజు పొడి తీయాలి. దాని మీద మూడు కాళ్ల బ్రిడ్జి వ్యాక్యూమ్ కప్పుతో బిగించి, ఇంజెక్టర్ మూతి సరిగ్గా గుంట మీద కూర్చోబెట్టాలి. కొంచెం పక్కకు జరిగినా రెజిన్ బయటికి కారిపోతుంది. తర్వాత గాలి లాగడం, ఒత్తిడి పెట్టడం, మళ్లీ లాగడం. లోపలి నుంచి చిన్న అద్దం పెట్టి చూస్తుంటే, నక్షత్రంలా విచ్చుకున్న పగులు కాళ్లు ఒక్కొక్కటే మాయమవుతుంటాయి.

నాకు వచ్చిన గ్లాసులో ఒక కాలు ఎంతకీ నిండలేదు. కొసన వెంట్రుక మందం వెండి గీత అలాగే ఉండిపోయింది. నేను ఇంకా ఒత్తిడి పెంచబోతే మాస్టారు చెయ్యి పట్టి ఆపారు. స్క్రూ వెనక్కి తిప్పించి, గ్లాసు కింది వైపు నుంచి బొటనవేలితో మెల్లగా రెండుసార్లు నొక్కారు. గీత కొసదాకా రెజిన్ పాకింది. బలవంతంగా ఒత్తిడి పెంచితే ఆ కాలే పెద్ద పగులై జానెడు పరిగెత్తేదట.

తర్వాత గుంట మీద చిక్కటి రెజిన్ చుక్క, దాని మీద పల్చటి ఫిల్మ్, యూవీ లైటు, గట్టిపడ్డాక బ్లేడు నిలువుగా పట్టి గీకడం, పాలిష్. ఇవి ఒకట్రెండు సార్లు చేస్తే వచ్చేస్తాయి.

మన ఊళ్ల ఎండ గురించి బాగా చెప్పారు. ఎండలోనూ యూవీ ఉంటుంది కాబట్టి బయట పెట్టి చేస్తే రెజిన్ పగుల్లోకి పోకముందే గడ్డకడుతుంది. గ్లాసు కాలిపోతుంటే పగులు సాగే ప్రమాదమూ ఎక్కువ. బండిని షెడ్డులోకి తెచ్చి, దానంతట అది చల్లారేదాకా ఆగాలి. తొందరపడి ఏసీ ఫుల్లుగా పెట్టొద్దు, నీళ్లు అసలే కొట్టొద్దు. మాలాంటి వాష్ వాళ్లకు ఇది ముఖ్యం. ముందు రిపేరు, తర్వాతే వాష్. పగుల్లో తడి ఉంటే రెజిన్ సరిగ్గా పట్టదు. అందుకే ఇప్పుడు ఎవరు ఫోన్ చేసినా, "వచ్చేలోపు దాని మీద సెల్లో టేపు ముక్క అంటించండి, కడగొద్దు" అని చెబుతున్నాను.

ఏది ఒప్పుకోవాలి, ఏది వద్దనాలి అన్న పాఠం కూడా బాగుంది. పది రూపాయల బిళ్లతో, అంటే 27 మిల్లీమీటర్లతో, మూసి చూడమన్నారు. బిళ్ల దాటిన దెబ్బ, అంచుకు దగ్గరగా ఉన్నది, డ్రైవర్ కళ్లకు ఎదురుగా పడ్డది కొత్తగా నేర్చుకున్నవాళ్లు ముట్టుకోవద్దని చెప్పారు. ఎంత బాగా చేసినా చిన్న మచ్చ మిగులుతుంది, రాత్రిపూట ఎదుటి బండి లైటు పడితే అది కంటికి అడ్డం. బ్రిటన్‌లో ఏటా చేసే ఎంఓటీ తనిఖీలో డ్రైవర్ ఎదురుగా ఉన్న పట్టీలో 10 మిల్లీమీటర్లు, వైపర్ తిరిగే మిగతా చోట 40 మిల్లీమీటర్లు దాటిన దెబ్బ ఉంటే బండి ఫెయిల్.

ఇక నచ్చనివి. మాకు ప్రాక్టీసుకిచ్చిన గ్లాసులన్నీ అప్పటికప్పుడు ఇనుప గోళీతో కొట్టినవి. తాజా దెబ్బ, దుమ్ము లేదు, తడి లేదు. అందరివీ అద్భుతంగా వచ్చాయి, అందరూ ఫోటోలు దిగారు. మా షాపుకొచ్చే గ్లాసు అలా ఉండదే! నెలల తరబడి దుమ్ము, వైపర్ల సబ్బు నీళ్లు తాగి పగులు లోపల గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది. అలాంటి వాటికి రెజిన్ పట్టినా మరక పోదు. ఈ తేడా క్లాసులో చూపించకపోవడం పెద్ద లోటు. పొడుగు పగులు సంగతి ఇంకా అన్యాయం. కొసన బయటి అద్దం వరకే సన్నగా డ్రిల్ చేసి పగులును ఆపడం మాస్టారు తనే చేసి చూపించి ముగించేశారు, మా చేతికి ఇవ్వలేదు. డ్రిల్ పీవీబీ పొరను తాకితే గ్లాసు చెడిపోతుంది. సాధన లేకుండా కస్టమర్ బండి మీద ఎవరు ధైర్యం చేస్తారు?

ఆదివారం సాయంత్రం కిట్ అమ్మకం మొదలైంది. 22,000. అవే బ్రిడ్జి, అదే లైటు ఆన్‌లైన్‌లో చాలా తక్కువకు దొరుకుతున్నాయి. నేను వాళ్ల దగ్గర రెజిన్ మాత్రమే కొన్నాను. డబ్బు పెట్టాల్సింది దాని మీదే. ఎక్స్‌పైరీ చూసి కొనాలి, వెలుతురు తగలకుండా దాచాలి. సర్టిఫికెట్ కూడా ఇచ్చారు, లామినేషన్ చేయించి మరీ. షాపు గోడకు బాగుంది.

ఇన్సూరెన్స్ ఊసే ఎత్తలేదు, కస్టమర్ మొదట అడిగేది అదే అయినా. మామూలు కాంప్రహెన్సివ్ పాలసీలో గ్లాసు పాతదని తరుగు కోయరు కానీ, 1500 సీసీ వరకు కార్లకు 1,000, ఆపైన 2,000 మనం కట్టుకోవాలి. దానికన్నా పెద్ద దెబ్బ ఎన్‌సీబీ, అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. ప్రత్యేకంగా ప్రొటెక్షన్ తీసుకోకపోతే, ఐదేళ్లుగా కూడబెట్టిన 50 శాతం ఒక్క గ్లాసు క్లెయిమ్‌తో పోవచ్చు. చిన్న చిప్‌కు కొన్ని వందలు పెట్టి రిపేరు చేయించుకోవడం ఎందుకు నయమో ఈ లెక్కతో చెబితే ఎవరికైనా అర్థమవుతుంది. కొత్త కార్లలో విండ్‌షీల్డ్ వెనక ఏడాస్ కెమెరా (డ్రైవర్‌కు సాయంగా రోడ్డును చూసేది) ఉంటే గ్లాసు మార్చాక దాన్ని మళ్లీ సరిచేసే క్యాలిబ్రేషన్ ఖర్చు అదనం. దాని గురించీ ఒక్క ముక్కే చెప్పి వదిలేశారు.

నా రేటింగ్ ఐదుకు మూడున్నర. వాష్, టింకరింగ్, యాక్సెసరీస్ షాపు ఉన్నవాళ్లు నిరభ్యంతరంగా వెళ్లండి. దీన్ని నమ్ముకుని కొత్తగా షాపు తెరుద్దామనుకుంటే మాత్రం ఆగండి, ఒక్క చిప్ పనితో అద్దె రాదు. వెళ్లే ముందు బ్యాచ్‌లో ఎంతమంది అని ఫోన్‌లోనే అడగండి. మా బ్యాచ్‌లో ఇంజెక్టర్ కోసం వంతులు వేసుకోవాల్సి వచ్చింది. స్క్రాప్ షాపులో రాయి దెబ్బ తిన్న పాత గ్లాసు దొరికితే వెంట తీసుకెళ్లి, మాస్టారితో దాని మీద చేయించుకుని చూడండి. అడిగితే కాదనే మనిషి కాదు.