బోర్డర్ కోలీనా, జర్మన్ షెపర్డా, రఫ్ కోలీనా? పిల్లలున్న ఇంటికి ఏది మేలు?

కుక్కపిల్లను తెచ్చుకోవాలనుకునేవాళ్ళు ఈ మధ్య నన్ను పదేపదే అడుగుతున్న ప్రశ్న ఒకటే. "ఇంట్లో చిన్నపిల్లలున్నారు. మందను కాచే జాతుల్లో ఒకటి తెచ్చుకుందామనుకుంటున్నాం. బోర్డర్ కోలీ మేలా, జర్మన్ షెపర్డ్ మేలా?" బొచ్చు ఊడుతుందని, రోజూ తిప్పాలని, టీకాలు వేయించాలని అడిగేవాళ్ళకు ముందే తెలుసు కాబట్టి అవన్నీ మళ్ళీ చెప్పను. నా జవాబులో మాత్రం వాళ్ళు అడగని మూడో పేరు ఒకటి వస్తుంది: పొడుగు బొచ్చుండే రఫ్ కోలీ. మా ఇంటికి మేం ఎంచుకున్నదీ అదే. ఎందుకో అర్థం కావాలంటే ఒక ప్రశ్న వేసుకోవాలి. ఈ కుక్క తాతముత్తాతలు మందను ఏ పద్ధతిలో కాచేవి?

మందను కాచే కుక్కలని అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తాం గానీ, వాటి పని తీరులో చాలా తేడా ఉంది. తోడేలు వేటలో ఒక వరుస ఉంటుంది. ఎరను పసిగట్టడం, రెప్ప వేయకుండా చూడడం, నక్కి నక్కి దగ్గరకు వెళ్ళడం, తరమడం, పట్టి కరవడం, చివరకు చంపడం. కాపరులు తరతరాలుగా తమకు నచ్చిన కుక్కపిల్లల్ని ఎంచుకుంటూ వచ్చి ఈ వరుసలో చివరి మెట్టును దాదాపు తీసేశారు. తమకు పనికొచ్చే మెట్లను బాగా బలపరిచారు. ఏ జాతిలో ఏది బలపడిందన్నది అక్కడి మంద ఎలా మేసేదన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ స్వభావం గొర్రెలు కనబడేదాకా ఆగదు. మన ఇళ్ళలో గొర్రెల బదులు పరుగెత్తే పిల్లలు, సైకిళ్ళు, దొర్లే బంతులు ఉంటాయి. నా దృష్టిలో అసలు విషయం ఇదే. తెలివి, ఎత్తు, అందం అన్నీ దీని తర్వాతే.

బోర్డర్ కోలీ సంగతి చూద్దాం. ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు కొండల్లో దూరంగా చెదిరిన గొర్రెల్ని చుట్టుముట్టి కాపరి దగ్గరకు తేవడం దాని పని. 1893లో పుట్టిన ఓల్డ్ హెంప్ అనే కుక్కను ఈ జాతికి మూలపురుషుడిగా చెబుతారు. అది అరవకుండా, ఒంగి, చూపుతోనే గొర్రెల్ని కదిలించేదట. 1906లో ఇంటర్నేషనల్ షీప్ డాగ్ సొసైటీ ఏర్పడింది. ఆ తర్వాత కూడా కాపరులు ఈ కుక్కను రూపాన్ని బట్టి కాదు, పనిని బట్టే ఎంచారు. అందుకే ఆ చూపు, నక్కడం, చుట్టుముట్టడం దాని నరనరాన ఉన్నాయి.

అలాంటి కుక్క ముందు నాలుగేళ్ళ పిల్లాడు హాల్లో అటూ ఇటూ పరుగెడితే ఏమవుతుంది? ముందు నేలకు ఒంగి చూస్తుంది. తర్వాత చుట్టూ తిరిగి అడ్డం వస్తుంది. పిల్లాడు ఆగకపోతే పిక్క మీదో, మడమ మీదో చిన్నగా పళ్ళు ఆనిస్తుంది. అందులో కోపం లేదు, పగ లేదు. తరమడమే దానికి ఆనందం. అందువల్ల తిట్టినంత మాత్రాన మానదు, ఎన్నిసార్లు తరిమితే అలవాటు అంత గట్టిపడుతుంది. పైగా కదలికను, చప్పుడును ఇది చాలా పట్టించుకుంటుంది. చేయడానికి పనిలేని బోర్డర్ కోలీలు కొన్ని గోడ మీది నీడల్ని, వెలుతురు మచ్చల్ని గంటల తరబడి వెంటాడడం మొదలుపెడతాయి. సరదాకైనా లేజర్ లైటుతో ఆడించవద్దని చెప్పేది అందుకే.

"రోజూ రెండు గంటలు పరుగెత్తిస్తాం, సరిపోతుందిగా?" అని చాలామంది అంటారు. సరిపోదు. పరుగు ఒక్కటే పెంచుకుంటూ పోతే ఒంటికి దమ్ము పెరుగుతుంది, రేపు మూడు గంటలు అడుగుతుంది. దానికి కావలసింది బుర్రకు పని, దాంతోపాటు ఏ పనీ లేనప్పుడు ఊరికే పడుకోవడం నేర్పడం. ఈ రెండోది నేర్పడం చాలా కష్టం. చేజర్ అనే బోర్డర్ కోలీ 1,022 బొమ్మల పేర్లు నేర్చుకుందని 2011లో వచ్చిన వార్త చూసి ఈ జాతి మీద మనసు పడ్డవాళ్ళు నాకు తెలుసు. కానీ ఆ కుక్కకు నేర్పింది జాన్ పిల్లీ అనే విశ్రాంత మనస్తత్వశాస్త్ర ప్రొఫెసర్. మూడేళ్ళ పాటు రోజుకు నాలుగైదు గంటలు కూర్చుని నేర్పారు. ఇంట్లో పెద్దవాళ్ళలో ఒక్కరికైనా కుక్కకు నేర్పడమే రోజువారీ వ్యాపకం అయితే బోర్డర్ కోలీ అంత గొప్ప తోడు మరొకటి లేదు. పిల్లల చదువులు, ఉద్యోగాల మధ్య దొరికిన పావుగంటలో చూసుకుందామనుకుంటే మాత్రం దానికీ కష్టం, మీకూ కష్టం.

జర్మన్ షెపర్డ్ కాపలా వేరు. కంచెల్లేని పంట పొలాల మధ్య పచ్చిక బీళ్ళలో గొర్రెలు మేసేవి. అవి పక్క చేలో పడకుండా కుక్క రోజంతా గట్టు వెంట అటూ ఇటూ చురుగ్గా నడుస్తూ కదిలే కంచెలా ఉండేది. 1899లో మాక్స్ ఫోన్ స్టెఫానిట్స్ అలాంటి కుక్కనొకదాన్ని కొని, హోరండ్ ఫోన్ గ్రాఫ్రాత్ అని పేరు పెట్టి, దానితోనే ఈ జాతిని మొదలుపెట్టాడు. కాబట్టి షెపర్డ్ మనసు కదిలే వస్తువు మీద కన్నా హద్దు మీద ఎక్కువ ఉంటుంది. ఇంట్లో ఎవరు ఏ గదిలో ఉన్నారో చూసుకుంటుంది, గుమ్మం దగ్గర పడుకుంటుంది, నడకకు వెళ్ళినప్పుడు ఒకరు వెనకబడితే ఆగి చూస్తుంది. సొంత పిల్లలతో చాలా ఓపికగా ఉంటుంది.

చిక్కు వచ్చేది బయటి పిల్లలతో. మీ అమ్మాయిని స్నేహితురాలు ఆటలో తోస్తుంది, మీ అమ్మాయి కెవ్వుమంటుంది. అది ఆటో, దాడో తేల్చుకోవాల్సిన క్షణంలో 30-40 కిలోల మగ కుక్క ఏం చేస్తుందన్నది దాని పెంపకం మీద ఆధారపడుతుంది. మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల లోపు రకరకాల మనుషుల్ని, పిల్లల్ని మంచిగా పరిచయం చేశారా లేదా అన్నది ఈ జాతిలో చాలా పెద్ద విషయం. ఆ కాలంలో సగం బ్రీడర్ దగ్గరే గడిచిపోతుంది. జనం రాని షెడ్డులో పెరిగిన పిల్లను ఎంత ముద్దొచ్చినా తేవద్దు. తుంటి కీలు జబ్బు ఈ జాతిలో ఎక్కువ కాబట్టి తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రే ఫలితాలు అడగండి. చూపించలేకపోతే అక్కడితో ఆగిపోండి. పిల్లలు పదేళ్ళు దాటి, వచ్చీపోయేవాళ్ళ సందడి మరీ ఎక్కువ లేని ఇంటికైతే నేనే షెపర్డ్ తెచ్చుకోమంటాను.

ఇక రఫ్ కోలీ. ఇదీ స్కాట్లండ్ కాపరుల కుక్కే. 1860ల్లో విక్టోరియా రాణి బాల్మోరల్‌లో వీటిని చూసి ముచ్చటపడి పెంచడంతో దీని దారి మారింది. అప్పటి నుంచి ఎక్కువ భాగం ఇంటి తోడుగా, ప్రదర్శనల కోసం పెంచుతూ వచ్చారు. అంటే ఇన్ని తరాలుగా గొర్రెల మీద పట్టుకన్నా మనుషుల మధ్య నెమ్మదిగా మసలడం చూసి ఎంచారు. పనిమంతుల లెక్కలో అది లోపమే. పిల్లలున్న ఇంటికి అదే వరం. పిల్లలు పరుగెడితే ఇదీ వెంట పడుతుంది, చుట్టూ తిరుగుతుంది, అరుస్తుంది. కానీ ఆట ఆగితే తనూ ఆగుతుంది, పోయి పడుకుంటుంది. ఆగడం తెలిసిన కుక్క అన్నదే మా ఎంపికకు కారణం. ఏడుస్తున్న పిల్ల పక్కన పోయి కూర్చోవడం దీనికి ఎవరూ నేర్పనక్కర్లేదు.

దీని కష్టాలూ దాచను. మొరుగుతుంది, గట్టిగానే. బొచ్చును వారానికి రెండు మూడుసార్లు కుదురుగా దువ్వకపోతే చెవుల వెనక, తొడల దగ్గర ఉండలు కడుతుంది. ఆ ఓపిక లేకపోతే ఇదే స్వభావంతో పొట్టి బొచ్చు ఉండే స్మూత్ కోలీ ఉంది, దాన్ని ఎవరూ ఎందుకు తలచుకోరో నాకు అర్థం కాదు. మనసు మెత్తన. ఇంట్లో పెద్దలు రోజూ గొంతు పెంచి మాట్లాడుకుంటే ఇది మూలకు చేరుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం మందుల సంగతి. ఎండీఆర్1 అనే జన్యువులో లోపం ఉంటే కొన్ని మందులు మెదడులోకి చేరిపోతాయి. పురుగుల మందు ఐవర్‌మెక్టిన్ ఎక్కువ మోతాదులో పడినా, విరేచనాలకు మనుషులు వాడే లోపెరమైడ్ పెట్టినా ప్రాణం మీదికి రావచ్చు. పరీక్షించిన రఫ్, స్మూత్ కోలీల్లో దాదాపు 70 శాతంలో ఈ లోపం తల్లి, తండ్రుల్లో కనీసం ఒకరి నుంచైనా వచ్చినట్టు తేలింది. ఆస్ట్రేలియన్ షెపర్డ్‌లలోనూ ఎక్కువే. భయపడాల్సింది లేదు. బుగ్గ లోపల దూదితో తీసిన నమూనాతో పరీక్ష అయిపోతుంది. ఫలితం వెట్‌కు చెప్పి, కార్డు మీద రాయించి పెట్టుకుంటే చాలు. కోలీల్లో పుట్టుకతో వచ్చే కంటి లోపం కూడా ఉంది. కుక్కపిల్లలకు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య కంటి పరీక్ష చేయించారా అని బ్రీడర్‌ను అడగండి. తేలికపాటి లోపం ఆ తర్వాత కంట్లో రంగు పెరిగి కనబడకుండా పోతుంది.

మిగతావాటి గురించి రెండు ముక్కలు. షెట్లాండ్ షీప్‌డాగ్ స్వభావంలో రఫ్ కోలీకి దగ్గరగా ఉంటుంది, చిన్న ఇంట్లో ఇముడుతుంది. అరుపు ఇంకా ఎక్కువ, మరీ చిన్నపిల్లలు మీద పడితే బెదురుతుంది. కోర్గీ ఆవుల మడమలు కొరికి తోలిన జాతి, కాబట్టి ఎవరి మడమలు కొరుకుతుందో ఊహించుకోవచ్చు. నడుము పొడవు వల్ల వెన్ను జబ్బుల భయమూ ఉంది. ఆస్ట్రేలియన్ షెపర్డ్ బోర్డర్ కోలీ అంతటి హుషారుతో, మీద మీదికి వచ్చి ఒళ్ళు తగిలిస్తూ పనిచేసే కుక్క. బెల్జియన్ మాలిన్వా పోలీసులకు, సైన్యానికి. ఇంటికి వద్దు.

మచ్చల మచ్చల నీలి బూడిద రంగు చూసి మురిసిపోయేవాళ్ళకు ఒక మాట. దాన్ని మెర్ల్ అంటారు. తల్లీ తండ్రీ ఇద్దరూ మెర్ల్ అయితే సగటున నాలుగు కూనల్లో ఒకదానికి ఆ జన్యువు రెండు వైపుల నుంచీ వస్తుంది. అలాంటివి తరచు చెవిటివిగా, గుడ్డివిగా పుడతాయి. రెండు మెర్ల్‌లను జత కట్టించే బ్రీడర్ దగ్గర ఏ పిల్లనూ కొనకండి, ఆ ఈతలో ఆరోగ్యంగా ఉన్నదాన్ని కూడా.

ఏ జాతిని తేల్చుకున్నా, పిల్లను ఎత్తుకునే ముందు తల్లిని చూడండి. ఎనిమిది వారాల కూనను చూసి పెద్దయ్యాక ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. తల్లి చాలా చెబుతుంది. మీ పిల్లల్ని వెంట తీసుకెళ్ళి, కాస్త దూరంలో మామూలుగా ఆడుకోనివ్వండి. తల్లికుక్క చూసి, తోక ఊపి, తన పనిలో పడిందా? లేక ఒళ్ళు బిగబట్టి చూపు తిప్పకుండా ఉండిపోయిందా? గొర్రెల దగ్గర పనిచేసే వంశమా, ప్రదర్శనల వంశమా అన్నదీ అడగండి. ఒకే జాతిలో ఈ రెండింటి మధ్య తేడా రెండు జాతుల మధ్య ఉన్నంత ఉంటుంది.

ఇంత చెప్పినా మనసు బోర్డర్ కోలీ మీదే ఉంటే, పిల్ల బదులు పెద్ద కుక్క కోసం చూడండి. రెండు మూడేళ్ళు నిండి, గొర్రెల పనిలో ఆసక్తి చూపక కాపరులు పక్కన పెట్టినవో, ఇల్లు మారాల్సి వచ్చినవో దొరుకుతుంటాయి. ఆ వయసుకు దాని స్వభావం తేలిపోయి ఉంటుంది. పిల్లల మధ్య పెరిగిందా, వాళ్ళు పరుగెడితే ఏం చేస్తుందన్నది పాత యజమానిని అడిగి, మీ కళ్ళతో చూసి తెచ్చుకోవచ్చు.