పాత లాప్‌టాప్‌కి హార్డ్‌డిస్కు బదులు దానికంటే వేగంగా ఉండే క్రూషియల్ బీఎక్స్500 ఎస్ఎస్‌డీ వేయించినాను, ఎనిమిది నెలల వాడకం తర్వాత నా రివ్యూ

మాది కావలి. ఇంట్లో ఉండే తొమ్మిదేళ్ల నాటి లాప్‌టాప్‌ని మా చెల్లి బీఎడ్‌కి వాడతా ఉంది. ఒకరోజు లోపల హార్డ్‌డిస్కులో టిక్ టిక్ మని సౌండ్, ఇంక ఆన్ కావడానికి అయిదారు నిమిషాలు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని డిస్కు ఆరోగ్యం చూపించే సాఫ్ట్‌వేర్ వేసి చూస్తే పసుపు రంగులో కాషన్ అని ఉంది, రీఎలోకేటెడ్ సెక్టార్లు, అంటే డిస్కులో పాడయి పక్కన పెట్టేసిన చోట్లు, రోజూ పెరగతా ఉన్నాయి. ఒక షాపులో చూపిస్తే బోర్డు కూడా పోయింది, కొత్తది కొనుక్కోండి అనేసినారు, వెనక మూత కూడా తియ్యకుండానే! చెల్లి మొహం చూడలేకపోయినా.

నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో మేడమీద ఒక చిన్న షాపుంది, ఫ్రెండ్ చెప్తే పోయినాను. ఆయన ముందు అడిగిన మాట, "డేటా తీసుకున్నారా అన్నా?" అని. లేదంటే, ఇంక దీన్ని ఆన్ చెయ్యొద్దు, చెక్‌డిస్క్ (డిస్కుని చెక్ చేసే విండోస్ కమాండు) అసలు కొట్టొద్దు, ఉన్న కాస్త ప్రాణం కూడా పోతాది అన్నాడు. డిస్కు బయటికి తీసి, వేరే కంప్యూటర్‌కి కలిపే సాటా టు యూఎస్‌బీ కేబుల్ తగిలించి ముందు చెల్లి ప్రాజెక్టు ఫోల్డరు, తర్వాత నాన్న ఫోటోలు, ఇట్లా ముఖ్యమైనవి ఒక్కొక్కటే కాపీ చేసినాడు, మధ్యలో రెండుసార్లు హ్యాంగయితే తీసి కాసేపు చల్లారనిచ్చి మళ్లీ పెట్టినాడు. నాన్న పోయి మూడేళ్లయింది, ఆ ఫోటోలు ఇంకెక్కడా లేవు. అవి స్క్రీన్ మీద తెరుచుకున్నప్పుడు నాకు మాట రాలా.

తర్వాత 240 జీబీ బీఎక్స్500 వేసినాడు. 2.5 అంగుళాల సాటా (పాత హార్డ్‌డిస్కుకి ఉండే కనెక్షనే), 7 మిల్లీమీటర్ల మందం, పాత బ్రాకెట్‌లోనే నాలుగు స్క్రూలతో కూర్చుంది. మా దాంట్లో ఎం.2 స్లాట్ (చిన్న కార్డు లాంటి ఎస్ఎస్‌డీలు పెట్టే చోటు) లేదు కాబట్టి ఇంకా వేగంగా ఉండే ఎన్‌వీఎంఈ ఆలోచనే అనవసరం, మీరు కొనేముందు మూత తీసి చూసుకోండి. కంపెనీ చెప్పే రీడ్ స్పీడ్ సెకనుకి 540 ఎంబీ, వారంటీ మూడేళ్లు. విండోస్‌లో 223 జీబీ అని చూపిస్తే మోసపోయామని కంగారు పడొద్దు, లెక్క కట్టే పద్ధతి తేడా అంతే. విండోస్ కీ (లైసెన్సు నంబరు) లాప్‌టాప్ బోర్డు మీదుండే బయోస్‌లోనే ఉండటంతో అదే ఎడిషన్ వేస్తే తనంతట తనే యాక్టివేట్ అయింది.

డ్రైవు, కూలి కలిపి రెండున్నర వేల లోపే అయింది. ఇప్పుడు ఇరవై సెకన్లలో ఆన్ అవతా ఉంది. వీడియోలు దాచుకునేవాళ్లకి 240 చాలదు, 480 తీసుకోండి. చెల్లి రికార్డులన్నీ దీంట్లోనే టైపు చేసి మొన్ననే సబ్మిట్ చేసింది, నాన్న ఫోటోలు మాత్రం నేను ఇంకో రెండు పెన్‌డ్రైవుల్లో కూడా పెట్టినాను.