గింజలకు తొమ్మిది మార్కులు, కూరగాయలకు నాలుగే: మూడేళ్లు వాడిన ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్

ఆరు లీటర్లు, 1000 వాట్లు, లోపల స్టీలు గిన్నె. వారానికి నాలుగైదు సార్ల చొప్పున మూడేళ్లు, పూర్తిగా శాకాహార వంటకే. ముందు భాగంలో పద్నాలుగు బటన్లున్నాయి. నిజంగా పనికొచ్చేవి మూడు: నిమిషాలు మనమే పెట్టుకునే ప్రెషర్ బటన్, మూత తీసి వేయించుకునే బటన్, పెరుగు బటన్. మిగతావాటిలో చాలావరకు అదే ప్రెషర్‌కి ముందే కట్టిపెట్టిన నిమిషాలు. వాటి పేర్లు చూసి ఖరీదైన మోడల్ తీసుకోనక్కర్లేదు.

వేగం కోసం కొంటే నిరాశ తప్పదు. స్క్రీన్ మీద 10 అని పెడితే పది నిమిషాల్లో అయిపోదు. గిన్నె సగం నిండి ఉంటే ప్రెషర్ ఎక్కడానికి 12 నుంచి 15 నిమిషాలు, ఉడకడానికి 10, దానంతటదే దిగడానికి మరో 15 పడుతుంది. మొత్తం నలభై. చన్నీళ్ల బదులు మరుగుతున్న నీళ్లు పోస్తే అందులో ఆరేడు నిమిషాలు కలిసొస్తాయి. పైగా ఈ కుక్కర్లు పొయ్యి మీద కుక్కరంత ప్రెషర్‌తో పనిచేయవు. పొయ్యి మీద కుక్కర్లో సుమారు ఒక బార్ ప్రెషర్ ఉంటుంది, నీళ్లు 120 డిగ్రీల దాకా వేడెక్కుతాయి. వీటిలో చాలా మోడళ్లు 0.7 నుంచి 0.8 బార్ దగ్గరే ఆగిపోతాయి, వేడి 115 నుంచి 118 డిగ్రీలు. అందుకే పొయ్యి కుక్కర్‌కి 10 నిమిషాలని రాసిన వంటకి ఇక్కడ 12 లేదా 13 పెట్టాలి. విజిళ్ల లెక్క ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే ఇది విజిల్ వేయదు.

మరి ఎందుకు కొనాలి అంటే, దగ్గర నిలబడక్కర్లేదు. ఇంట్లో ఆరోగ్యకరమైన శాకాహారం తినాలంటే వంటింట్లో ఎప్పుడూ శనగలు, రాజ్మా లాంటి గింజలు ఉడికించినవి సిద్ధంగా ఉండాలి. అవి ఉంటే ఏ పూట భోజనమైనా పావుగంట పని. లేకపోతే అన్నం, బంగాళాదుంపలతో సరిపెట్టుకుంటాం. ఆ గింజల పనిని మనిషి కాపలా లేకుండా ప్రతిసారీ ఒకేలా చేసిపెట్టడమే ఈ యంత్రం అసలు గొప్ప.

కాబూలీ శనగలతో మొదలుపెడదాం, తప్పులు ఎక్కువ జరిగేది వాటితోనే. పావు కిలో శనగల్ని లీటరు నీళ్లలో 15 గ్రాముల ఉప్పు వేసి ఎనిమిది గంటలు నానబెట్టాలి. ఉప్పు వేస్తే గట్టిపడతాయన్న మాట చాలామంది నమ్ముతారు, జరిగేది దానికి వ్యతిరేకం. తొక్కలో ఉండే పెక్టిన్ అనే జిగురు పదార్థాన్ని కాల్షియం, మెగ్నీషియం బిగించి పట్టుకుని ఉంటాయి. ఉప్పులోని సోడియం వాటి చోటు ఆక్రమించి తొక్కని మెత్తబరుస్తుంది. నానిన నీళ్లు పారబోసి, కడిగి, 750 మిల్లీలీటర్ల మంచి నీళ్లు పోసి 14 నిమిషాలు పెట్టి, తర్వాత 15 నిమిషాలు కదపకుండా వదిలేయాలి. దాదాపు 600 గ్రాముల ఉడికిన శనగలు వస్తాయి. వేలితో నొక్కితే వెన్నలా నలుగుతాయి, తొక్క మాత్రం ఊడదు. నానబెట్టడం మరిచిపోతే 45 నిమిషాలు పెట్టాలి. ఉడుకుతాయి గానీ కొన్ని పేలి, కొన్ని పలుకుగా మిగులుతాయి.

ఇన్ని చేసినా గట్టిగా ఉంటే మూడు కారణాలు చూడండి. గింజలు పాతవి కావచ్చు. ఏడాదికి పైబడి వేడి, తేమ ఉన్నచోట నిల్వ ఉన్నవాటిని ఎంత ఉడికించినా లోపల సుద్దలాగే ఉంటాయి. నీళ్లు కఠినజలం కావచ్చు, అప్పుడు ఆర్‌ఓ ఫిల్టర్ నీళ్లతో ఒకసారి ప్రయత్నించాలి. లేదా పులుపు ముందే పడి ఉండవచ్చు. టమాటా, చింతపండు, నిమ్మరసం ఏదైనా సరే గింజ పూర్తిగా మెత్తబడ్డాకే వేయాలి. వంటసోడా ఎనిమిదో వంతు చెంచా వేస్తే సమయం తగ్గేమాట నిజమే, కానీ అంతకు మించితే సబ్బు రుచి వస్తుంది, బి1 విటమిన్ కూడా నశిస్తుంది. నీళ్లు మార్చి చూశాకే సోడా డబ్బా తీయండి.

రాజ్మా విషయంలో మాత్రం రుచి కంటే ముందు జాగ్రత్త. పచ్చి రాజ్మాలో లెక్టిన్ అనే విషపదార్థం ఉంటుంది, సరిగా ఉడకనివి నాలుగైదు తిన్నా వాంతులు పట్టుకుంటాయి. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, ప్రెషర్ మీద 15 నిమిషాలు ఉడికిస్తే ఇబ్బంది లేదు. ఇదే కుక్కర్లో 'స్లో కుక్' అనే బటన్ ఉంటుంది. పచ్చి రాజ్మాని అందులో ఎప్పుడూ పెట్టకండి. అక్కడ వేడి 100 డిగ్రీలకు చేరకపోవచ్చు. 80 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంటే విషం పోకపోగా ఇంకా పెరుగుతుంది. పైకి మెత్తగా కనిపించినంత మాత్రాన ఉడికినట్టు కాదు.

పప్పులతో పెద్ద గొడవ లేదు. 200 గ్రాముల కందిపప్పుకి 600 మిల్లీలీటర్ల నీళ్లు, 10 నిమిషాలు. అరగంట నానితే 7 చాలు. పెసరపప్పుకి 6. పొట్టుతో ఉన్న మసూర్ నానబెట్టకుండానే 9. నానిన అలసందలు 5 నిమిషాలకే అయిపోతాయి, 8 పెడితే ముద్ద. గింజలు, పప్పులు, బియ్యం ఏవైనా నీళ్లతో కలిపి గిన్నెలో సగం గీత దాటకూడదు. మిగతా వంటలకు మూడింట రెండు వంతులు నింపవచ్చు గానీ వీటికి కాదు. నురగ పైకి లేచి ఆవిరి రంధ్రంలో ఇరుక్కుంటుంది. ఒక చెంచా నూనె వేస్తే నురగ తగ్గుతుంది. ఇంకో తప్పు, టైమర్ మోగగానే వాల్వ్ తిప్పేయడం. లోపలి ప్రెషర్ ఒక్కసారిగా పడిపోతే నీళ్లు కుతకుతా మరిగి గింజల తొక్కలు చిట్లిపోతాయి, పప్పునీళ్లు వాల్వ్‌లోంచి గోడ దాకా చిమ్ముతాయి. పప్పుకి పది నిమిషాలైనా ఆగి, మిగిలింది కొద్దికొద్దిగా వదలాలి.

బియ్యం దగ్గర చేయి తిరిగినవాళ్లు కూడా మొదటి వారం ముద్ద చేస్తారు. మూత బిగిస్తే ఆవిరి బయటికి పోదు, కాబట్టి మామూలు గిన్నె కొలత ఇక్కడ ఎక్కువ. కడిగి వార్చిన తెల్లబియ్యం కప్పుకి కప్పు నీళ్లు, 4 నిమిషాలు, ఆ తర్వాత 10 నిమిషాలు అలాగే వదిలేయడం. దంపుడు బియ్యానికి కప్పుకి కప్పుంపావు, 22 నిమిషాలు, తర్వాత అదే పది. అడుగున కందిపప్పు, పైన స్టాండు మీద చిన్న గిన్నెలో బియ్యం పెట్టి రెండూ ఒకేసారి వండవచ్చు. పై గిన్నెలో బియ్యానికి వేడి ఆలస్యంగా చేరుతుంది కాబట్టి 10 నిమిషాలు పెట్టి, నీళ్లు కప్పుకి ఒకటిన్నర పోయాలి. తెల్లబియ్యంతో చక్కగా కుదురుతుంది. నానని దంపుడు బియ్యంతో కుదరదు, అది ఉడికే సరికి పప్పు జావయిపోతుంది.

మిగిలిన అన్నాన్ని కుక్కర్ ఆపేసి అందులోనే రాత్రంతా ఉంచేయడం ప్రమాదం. బాసిల్లస్ సెరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు, గోరువెచ్చగా ఉన్నప్పుడు పెరిగి విషం తయారుచేస్తాయి. దాన్ని మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. వెచ్చగా ఉంచే బటన్ 60 డిగ్రీల పైన పట్టి ఉంచితే రెండు మూడు గంటలు పర్వాలేదు, ఆ తర్వాత అన్నం అంచులు ఎండిపోతాయి. వెడల్పాటి పళ్లెంలో పరిచి చల్లార్చి, రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లో పెట్టాలి. ఉడికిన శనగలు, రాజ్మా ఫ్రిజ్‌లో మూడు రోజులుంటాయి. 150 గ్రాముల చొప్పున డబ్బాల్లో పెట్టి ఫ్రీజర్లో వేస్తే మూడు నెలలు బాగుంటాయి.

ఇక కూరగాయలు. దుంపలకైతే ఫిర్యాదు లేదు. ఒక్కొక్కటి 150 గ్రాములుండే బంగాళాదుంపలు స్టాండు మీద, కింద పావు లీటరు నీళ్లు, 12 నిమిషాలు. ఒక్కొక్కటి 200 గ్రాములుండే బీట్‌రూట్‌లకి 25. నీళ్లలో మునగవు కాబట్టి రంగూ రుచీ నీళ్లలోకి కారిపోవు. మార్కులు తగ్గించింది క్యాబేజీ, కాలీఫ్లవర్, బీన్స్, ఆకుకూరలు. సున్నా నిమిషాలు పెట్టినా ప్రెషర్ ఎక్కేదాకా అవి ఉడుకుతూనే ఉంటాయి. మూత తీసేసరికి ఆకుపచ్చ పోయి ఎండుగడ్డి రంగు తేలుతుంది. ఏడాది పాటు రకరకాల కొలతలతో చూసినా ఫలితం మారలేదు. దీనికి విడిగా బాణలే దిక్కు. ఒక్క పాలకూరకి మాత్రం ఉపాయముంది: పప్పు అయ్యాక మూత తీసి, తరిగిన ఆకు 150 గ్రాములు వేడి పప్పులో కలిపి, మూడు నిమిషాలు మూత వాల్చి ఉంచాలి. కరెంటు అక్కర్లేదు, రంగు నిలుస్తుంది.

కాబట్టి అన్నీ ఒకే గిన్నెలో పడేసి భోజనం చేసేయవచ్చన్న ప్రచారాన్ని సగమే నమ్మండి. గింజలు, ధాన్యం కుక్కర్లో, కూరగాయలు బాణల్లో అని పంచుకుంటే భోజనం రుచిగా వస్తుంది, ఎక్కువ పనీ ఉండదు. ఉడికిన శనగలు 150 గ్రాములు తీసుకుంటే 13 గ్రాముల ప్రోటీన్. దానికి అన్నం 150 గ్రాములు, ఎక్కువ మంట మీద ఆరు నిమిషాలు వేయించిన కూరగాయలు 200 గ్రాములు, పెరుగు 100 గ్రాములు కలిపితే ఒక పూటకి లోటు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే రోజుకి 400 గ్రాముల పళ్లూ కూరగాయల్లో సగం ఇక్కడే అయిపోతుంది. గింజల్లోని ఇనుము ఒంటికి పట్టాలంటే వడ్డించేటప్పుడు నిమ్మరసం పిండాలి. వేడి మీద పిండితే సి విటమిన్ కొంత పోతుంది. టీ, కాఫీలు భోజనానికి గంట దూరంలో ఉంచాలి. బి12 మాత్రం ఏ గింజలోనూ లేదు. పాలు, పెరుగు కూడా మానేసినవాళ్లు బి12 కలిపిన ఆహారం గానీ, మాత్రలు గానీ తీసుకోవాల్సిందే.

స్క్రీన్ మీద 'బర్న్' అని రావడం ఈ కుక్కర్లలో అందరూ చెప్పే ఫిర్యాదు. చాలాసార్లు తప్పు యంత్రానిది కాదు, అడుగున ఉన్న సెన్సార్ గిన్నె అతిగా వేడెక్కిందని చెబుతోందంతే. ఉల్లిపాయలు వేయించాక అడుగున అంటుకున్న పొర మీదే నీళ్లు పోసి మూత పెడితే వస్తుంది. 100 మిల్లీలీటర్ల నీళ్లు పోసి చెక్క గరిటెతో అడుగు మొత్తం గీకి, నున్నగా తగిలాకే మిగతావి వేయాలి. చిక్కటి టమాటా గుజ్జు అడుగున చేరినా వస్తుంది, దాన్ని చివర పైన పోసి కలపకుండా వదిలేయాలి. ఈ రెండూ కాకపోతే గ్యాస్కెట్ చూడండి. సరిగా కూర్చోకపోతే ఆవిరి పక్కలనుంచి పోయి నీళ్లు ఇంకిపోతాయి. బర్న్ వచ్చాక ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మాడు వాసన గిన్నెంతా పడుతుంది. ప్రెషర్ దిగాక పైపైన ఉన్నది వేరే గిన్నెలోకి తీసి, అడుగు కడిగి, నీళ్లు చేర్చి మళ్లీ పెట్టాలి.

గ్యాస్కెట్ మసాలా వాసన పీల్చేస్తుంది. ఎంత తోమినా పూర్తిగా పోదు. రెండు పెట్టుకోవడమే మార్గం: కారం వంటలకొకటి, అన్నానికీ పెరుగుకీ ఒకటి. వాడనప్పుడు మూతని తిరగేసి పెడితే వాసన తగ్గుతుంది. ఏడాదిన్నరకి సాగి వదులవుతుంది, అప్పుడు మార్చాలి. మూత లోపల ఆవిరి రంధ్రానికి ఒక చిన్న జల్లెడ తొడుగు ఉంటుంది. వారానికోసారి ఊడదీసి కడగాలి, పప్పు పొట్టు అక్కడే చేరుతుంది. ప్రెషర్ ఎక్కినప్పుడు మూతలో పైకి లేచే పిన్‌కి కింద గోలీ కంటే చిన్న సిలికాన్ టోపీ ఉంటుంది, సింకులో జారిపోయిందంటే ఆ రోజు వంట లేనట్టే. ముఖ్యంగా, లోపలి గిన్నె పెట్టామో లేదో చూసుకోకుండా నీళ్లు పోసేయకండి. సూటిగా హీటర్ మీద పడతాయి. అలా జరిగితే ప్లగ్ తీసేసి మెకానిక్‌కి చూపించాకే వాడాలి.

పెరుగు బటన్‌కి ఎనిమిది మార్కులు. పాలు 85 డిగ్రీలకు కాచి, 43కి చల్లార్చి, లీటరుకి రెండు చెంచాల తోడు కలిపి ఏడు గంటలు పెడితే చలికాలంలో కూడా గట్టిగా తోడుకుంటుంది. పాలు బాగా వేడిగా ఉన్నప్పుడే తోడు వేస్తే అందులోని బాక్టీరియా చచ్చి, తెల్లారేసరికి పాలు పాలలాగే ఉంటాయి.

ఒకరిద్దరే ఉన్న ఇంటికి ఆరు లీటర్లు అనవసరం, మూడు లీటర్లది చాలు. పెద్ద గిన్నెలో ప్రెషర్ ఎక్కాలంటే కనీసం పావు లీటరు నీళ్లుండాలి, గుప్పెడు పప్పుకి అది పలచనైపోతుంది. పొయ్యి కుక్కర్ ఉండి, వంట చేసేంతసేపూ వంటింట్లోనే ఉండే అలవాటున్నవాళ్లకి ఇది కొత్తగా ఇచ్చేదేమీ లేదు. కరెంటు తరచూ పోయే చోట కొనేముందు ఒక్క సంగతి అడగండి: మధ్యలో కరెంటు పోయి వస్తే ఆగినచోటు నుంచి కొనసాగిస్తుందా, లేదా? కొనసాగించని మోడల్ అయితే మనం మూత తీసేసరికి రాజ్మా సగం ఉడికి, గోరువెచ్చగా కూర్చుని ఉంటుంది. ఆగి రెండు గంటలు దాటకపోతే మళ్లీ మొదటినుంచి 15 నిమిషాలు ప్రెషర్ పెట్టాలి. దాటితే పారబోయాలి.