లీవ్ లెటర్ కావాలంటే ఈ జిరాక్స్ షాపుకి వెళ్ళండి (రెడీమేడ్‌వి మాత్రం కొనకండి)

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో ఉన్న చిన్న జిరాక్స్, డీటీపీ షాపు గురించి రాస్తున్నాను. బోర్డు మీద పేరంటూ లేదు, జిరాక్స్, డీటీపీ, లామినేషన్ అని మాత్రం ఉంటుంది. నడిపే పెద్దాయన ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టారట, అందుకే అందరూ మాష్టారు అంటారు. నేను 5కి 4 ఇస్తాను.

ఇక్కడ ఒక బట్టల షోరూంలో బిల్లింగ్‌లో కొత్తగా చేరాను. మొదటి జీతం కూడా పడలేదు, ఈలోగా సిరిమాను పండగ దగ్గరపడింది. మాది విజయనగరం. దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం (పొడవాటి చెట్టుమాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగిస్తారు) అంటే ఆడపిల్లలు ఎక్కడున్నా పుట్టింటికి రావాల్సిందే, ముందురోజు సోమవారం జరిగే తొలేళ్ళ ఉత్సవానికే ఇంటినిండా చుట్టాలు దిగిపోతారు, రాకపోతే "ఏటే, అంత పెద్ద ఉద్యోగమా నీది" అని సంక్రాంతి దాకా దెప్పుతారు. ఇటు షోరూంలో చూస్తే నాకంటే ఎంతో ముందు చేరినవాళ్ళే సెలవు మాటెత్తడానికి జంకుతున్నారు. ఒకటే టెన్షన్.

ముందు ఆ ఒక్క స్టారు ఎందుకు కోశానో చెప్తాను. షాపులో ఒక ఫైలు ఉంటుంది, దాన్నిండా రెడీమేడ్ లెటర్లు. జ్వరానికొకటి, పెళ్ళికొకటి, అమ్మమ్మ పోయినందుకు ఒకటి. పేరు, తేదీ నింపుకుంటే చాలు, 10 రూపాయలు. "తమరి దివ్యసముఖమునకు విన్నవించుకొనునది ఏమనగా" అని మొదలవుతాయి, ఇది తీసుకెళ్ళి షోరూం మేనేజర్‌కిస్తే నవ్వకుండా ఎలా ఉంటాడు! అమ్మమ్మ లెటరే ఎక్కువ పోతుందని అక్కడ జిరాక్స్ తీసే కుర్రాడే చెప్పాడు. కొత్తగా చేరినవాళ్ళు దాని జోలికి పోకండి. అమ్మమ్మ పోయిందని రాసిచ్చి వెళ్ళిన మనిషి, సిరిమాను ఊరేగుతూ కోట దగ్గరికి వచ్చేసరికి వీడియో తీసి స్టేటస్‌లో పెట్టకుండా ఉండగలదా? మేనేజర్ ఫోన్లో మన నంబరు ఉంటుందన్న సంగతి అప్పుడు గుర్తురాదు.

అదే మాష్టారి చేత విడిగా రాయించుకుంటే 40 రూపాయలు, ఆ డబ్బుకి పూర్తి న్యాయం జరుగుతుంది. నేను ఫోన్లో టైపు చేసుకెళ్ళింది పేజీన్నర. కళ్ళజోడు సర్దుకుని చదివి "ఎందుకమ్మా ఇదంతా, ఒగ్గెయ్" అని సగానికి పైగా కొట్టేశారు. కొత్తగా చేరానని నాకు తెలుసు, తప్పుగా అనుకోవద్దు, ఇంకెప్పుడూ అడగను లాంటివన్నీ ఎగిరిపోయాయి. ఇంకెప్పుడూ అడగనని రాసిచ్చేస్తే రేపు నిజంగా జ్వరమొస్తే ఏం చేస్తావని అడిగారు. ఆ తర్వాత మీ దగ్గర రద్దీ ఎప్పుడు, నువ్వు లేకపోతే బిల్లింగ్‌లో ఎవరు కూర్చుంటారు, నీ వారం సెలవు ఏ రోజు అంటూ ఆరా తీశారు. వెనకాల ఆధార్ జిరాక్స్‌కి నిలబడ్డవాళ్ళు విసుక్కుంటున్నా ఆయనకి పట్టలేదు.

చివరికి తేలింది నాలుగు వాక్యాలు. సోమవారం మధ్యాహ్నం నుంచి, మంగళవారం పూర్తిగా సెలవు కావాలి. సిరిమాను రోజు విజయనగరం నడిబొడ్డున ట్రాఫిక్ ఆపేస్తారు కాబట్టి ముందురోజే ఇంటికి చేరుకోవాలి. దసరా రద్దీలో నా వారం సెలవు రోజున కూడా డ్యూటీకి వస్తాను. నేను లేనప్పుడు బిల్లింగ్ చూడటానికి తోటి ఉద్యోగి ఒప్పుకుంది, బుధవారం షాపు తెరిచే వేళకి నేనుంటాను. అంతే, కింద సంతకం.

ఒక్క విషయంలో నాకూ ఆయనకీ కుదరలేదు. నేను చట్టం సంగతి ఒక పేరా రాసుకెళ్ళాను. 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం 240 రోజులు పనిచేస్తే గానీ రానిది 15 రోజుల జీతంతో కూడిన సెలవు, అంతేగానీ సరైన కారణం ఉంటే 12 రోజుల వరకు క్యాజువల్ లీవు మొదటి ఏడాదిలోనే ఉంటుంది. జబ్బు చేస్తే ఇంకో 12 రోజులు వేరే. కొత్తవాళ్ళకి సెలవుల్లేవు అని షాపుల్లో చెప్పేమాట ఆ 15 రోజుల సెలవునీ, క్యాజువల్ లీవునీ కలిపేసి చెప్పేది. మాష్టారు అదీ కొట్టేశారు, "ఇది నోట్లో ఉంచుకో, కాదంటే అప్పుడు తియ్యి" అన్నారు. ఒక్క వాక్యమైనా ఉంచాల్సింది అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది, ఎందుకంటే అడగడానికి వచ్చే ప్రతివాళ్ళకీ తిరిగి మాట్లాడే నోరుండదు కదా.

టైపు చేసినదానికంటే ఊరికే ఇచ్చిన సలహా ఎక్కువ పనికొచ్చింది. కాగితం చేతిలో పెట్టి నిలబడకు, ముందు నోటితో అడుగు, సరే అన్నాక ఇవ్వు, పొద్దున్న షట్టర్ ఎత్తేటప్పుడు కాదు, భోజనాలయ్యాక అడుగు అన్నారు. అలాగే చేశాను. మేనేజర్ గారు లెటర్ చదివి, వారం సెలవు రోజు వస్తానన్న చోట వేలు పెట్టి "ఇది ఖాయమేనా అమ్మా?" అని ఒక్కటే అడిగారు. మంగళవారం క్యాజువల్ లీవు రాశారు, సోమవారం మాత్రం మధ్యాహ్నం బదులు నాలుగింటికి వదిలారు. చీకటి పడ్డాక ఇంటికి చేరాను, తొలేళ్ళ సందడి అందింది, చాలు.

వెళ్ళేవాళ్ళకి ఒకటి రెండు మాటలు. ఆయన ఇప్పటికీ పేజ్‌మేకర్‌లో అనూ ఫాంట్లతోనే కొడతారు, ఆ అక్షరాలు అలాగే కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే పిచ్చి గీతలు వస్తాయి, అందుకే పీడీఎఫ్ చేయించుకోండి, దానికి వేరే డబ్బులు అడగరు. చేతిలో ఒక అరగంట ఉంచుకుని వెళ్ళండి. పెన్ను మీదే తీసుకెళ్ళండి, అక్కడ కౌంటరుకి దారంతో కట్టిన పెన్ను ఒకటుంది గానీ అది రాయదు.