శుక్రవారం రాత్రి అనుకుని శనివారం పొద్దున బయల్దేరే ట్రిప్పులు

యూరప్‌లో ఉంటున్నామని తెలిస్తే మనవాళ్లు ముందు అడిగేది పారిస్ చూశారా, స్విట్జర్లాండ్ వెళ్లారా అని. అవీ చూడాల్సినవే. కానీ వాటికి సెలవు పెట్టాలి, నెలల ముందే బుక్ చేయాలి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉండే మాకు మాత్రం తిరగడంలో అసలు సుఖం తెలిసింది లోకల్ రైళ్లలోనే.

దీనికంతటికీ కారణం డాయిచ్‌లాండ్ టికెట్ అనే జర్మనీ నెలవారీ పాస్. 2023 మేలో నెలకు 49 యూరోలతో మొదలుపెట్టారు. 2025లో 58 చేశారు, 2026 జనవరి నుంచి 63. దేశంలో ఎక్కడైనా లోకల్ రైళ్లు, ట్రాములు, సిటీ బస్సులు ఎక్కొచ్చు. ఐసీఈ లాంటి ఎక్స్‌ప్రెస్‌లలో చెల్లదు. ఆఫీసుకు ఎలాగూ కొంటాం కాబట్టి వీకెండ్ తిరుగుళ్లు మాకు ఊరికే వచ్చినట్టే.

చవక విమానాల సంగతీ చెప్పాలి. టికెట్ ధర చూస్తే నోరూరుతుంది. అయితే ఫ్రాంక్‌ఫర్ట్ హాన్ ఎయిర్‌పోర్టు పేరులోనే ఫ్రాంక్‌ఫర్ట్ ఉంది, ఊరికి దాదాపు 120 కిలోమీటర్లు. బస్సు, బ్యాగు ఫీజు, అర్ధరాత్రి ట్యాక్సీ కలిపితే తడిసి మోపెడవుతుంది. రెండు రోజుల ట్రిప్పుకు రైలే నయం.

మా లెక్కలో మొదటి మార్కు మైంజ్ నుంచి కోబ్లెంజ్ వెళ్లే లైనుకి. రైలు రైన్ నది ఎడమ ఒడ్డున వెళ్తుంది కాబట్టి కుడివైపు కిటికీ పట్టుకోండి. బింగెన్ దాటాక లోయ ఇరుకవుతుంది. నిట్రగా ఉన్న కొండల మీద ద్రాక్ష తోటలు, మలుపుకో కోట, కింద బరువుతో మునిగీ మునగనట్టు వెళ్లే సరుకు పడవలు. 2002లో యునెస్కో గుర్తించిన లోయ ఇది. అందరూ గొప్పగా చెప్పే లోరెలై కొండ ఎదుటి ఒడ్డున కనిపిస్తుంది. మాకు ఆ కొండ కన్నా అక్కడ నది తిరిగే మలుపే నచ్చింది.

బసకు ఇదే లైన్లో ఉన్న బాఖారాఖ్ అనే ఊళ్లోని ష్టాలెక్ కోట. కోటనే యూత్ హాస్టల్ చేశారు. పెద్దవాళ్లూ కుటుంబాలూ ఉండొచ్చు, మెంబర్‌షిప్ తీసుకోవాలి. గది మాత్రం మన కాలేజీ హాస్టల్ గదే: బంకు మంచాలు, దుప్పటి గలీబు మనమే తొడుక్కోవాలి. టిఫిన్‌కి బ్రెడ్డు, చీజ్, మ్యూస్లీ. అయితేనేం, కోట ముంగిట్లో నిలబడితే రైన్ మొత్తం కాళ్ల కింద ఉంటుంది. ఊళ్లోంచి పైకి మెట్లెక్కాలి, స్ట్రోలర్‌తో అయితే చుక్కలు కనిపిస్తాయి.

రెండోది లక్సెంబర్గ్. అక్కడ హోటళ్లు ఖరీదు, అందుకే ఇవతల జర్మనీలోని ట్రియర్‌లో బస చేయడం మేలు. పోర్టా నిగ్రా అనే రోమన్ల కాలపు కోటద్వారం, కార్ల్ మార్క్స్ 1818లో పుట్టిన ఇల్లు ఒక సాయంత్రంలో చూసేయొచ్చు. కోబ్లెంజ్ నుంచి నేరుగా లక్సెంబర్గ్ వెళ్లేవాళ్లు ఒకటి గమనించండి: రైలు ట్రియర్‌లో రెండుగా విడిపోతుంది. డబుల్ డెక్కర్ పెట్టెలే లక్సెంబర్గ్ వెళ్తాయి. ఆ దేశంలో 2020 ఫిబ్రవరి 29 నుంచి రైలు, బస్సు, ట్రామ్ అన్నీ ఉచితం, రైలు ఫస్ట్ క్లాసుకు తప్ప. ఫాఫెన్‌టాల్ లోయలోంచి పై ఊరికి చేర్చే అద్దాల లిఫ్టుకూ డబ్బులు లేవు. ట్రామ్ ఎక్కినప్పుడల్లా టికెట్ కోసం చెయ్యి ఫోన్ మీదకు పోతూనే ఉంటుంది.

రెసిడెన్స్ పర్మిట్ కార్డుతో పాటు పాస్‌పోర్టు ఒరిజినల్ కూడా పెట్టుకోండి. 2024 సెప్టెంబరులో జర్మనీ తన సరిహద్దులన్నిటా తనిఖీలు మొదలుపెట్టింది. ఆదివారం సూపర్ మార్కెట్లు మూత, బేకరీలు కూడా చాలావరకు మధ్యాహ్నానికి కట్టేస్తాయి. డబ్బాలో పులిహోర ఉంటే టెన్షన్ లేదు. నీళ్ల సీసా పారేయకండి, సూపర్ మార్కెట్లలో ఉండే సీసాల మెషిన్‌లో వేస్తే డిపాజిట్ 25 సెంట్లు తిరిగొస్తాయి.

ఇక లోకల్ రైళ్లలో లేటు మామూలే. వీకెండ్‌లో ట్రాక్ పని అని రైలు బదులు బస్సు వేస్తారు, అది ఊరూరూ తిరుగుతుంది. బయల్దేరే ముందు యాప్‌లో చూసుకోండి, రాత్రి ఆఖరి బండిని మాత్రం నమ్ముకోవద్దు.

అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినప్పుడు కోట హాస్టల్ జోలికి పోకండి, మోకాళ్లు ఒప్పుకోవు. కోబ్లెంజ్‌లో స్టేషన్ దగ్గర హోటల్ తీసుకుని, రైన్, మోజెల్ నదులు కలిసేచోటు దగ్గర కేబుల్ కారు ఎక్కిస్తే నదిని దాటించి ఎహ్రెన్‌బ్రైట్‌స్టైన్ కోట మీద దింపుతుంది. దానికి మాత్రం టికెట్ విడిగా కొనాలి.