వ్యాన్‌లో రెండో బ్యాటరీ: మూడేళ్లు వాడాక

మా క్యాంపర్ వ్యాన్‌లో మంచం, పొయ్యి, పైకి లేచే కప్పు అన్నీ బాగానే ఉన్నాయి. వాటి గురించి ఎవరైనా రాస్తారు. నాకు కోపం ఉన్నది ఒక్కదాని మీదే, సీటు కింద పెట్టెలో ఉండి ఫ్రిజ్, లైట్లు నడిపే రెండో బ్యాటరీ మీద. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, బండి నడుస్తుంటే అది దానంతటదే నిండుతుందని మాకు చెప్పిన మాట మీద. మూడేళ్లయింది, 41 వేల కిలోమీటర్లు తిరిగాం. ఇప్పుడు ఆ కోపం సగమే మిగిలింది.

ముందుగా నా తప్పు ఒప్పుకుంటాను. కొన్న కొత్తలో ఇదే బ్యాటరీని కనిపించిన ప్రతివాళ్ల దగ్గరా తెగ మెచ్చుకున్నాను. మొదటి ట్రిప్పు తొమ్మిది రోజులు, రోజూ వానే. ఒక్క రాత్రి కూడా కరెంటు పాయింటుకి డబ్బు కట్టలేదు. ఫ్రిజ్ ఆగలేదు, లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. నా మాటలు విని మా ఆడపడుచు వాళ్లు కూడా ఇలాంటి బండే తీసుకోబోయారు. ఎందుకో కుదరలేదు, వాళ్ల అదృష్టం.

ఆ ధైర్యంతోనే రెండో ట్రిప్పుకి బడ్జెట్ వేశాను. మా ఇంట్లో లెక్కలు నావి, స్టీరింగ్ మా ఆయనది. 18 రాత్రుల ప్రయాణం. డీజిల్ లెక్క నాకు ఎప్పుడూ పెద్దగా తప్పదు: బండి వంద కిలోమీటర్లకి 11 లీటర్లు తాగుతుంది, మ్యాపు చూపించే దూరానికి ఐదో వంతు కలుపుకుంటాను. దారి తప్పడం, నీళ్ల కోసం ఆగడం, చీకటి పడ్డాక ఆపుకునే చోటు కోసం చుట్టూ తిరగడం, అన్నీ అందులోకే వస్తాయి. తిండి ఖర్చు ఇంట్లో కంటే కాస్త ఎక్కువ. తగ్గించుకోవడానికి వీలున్నది రాత్రుల ఖర్చే. అందుకని 13 రాత్రులు ఉచితంగా ఆపనిచ్చే చోట్ల, 5 రాత్రులు డబ్బు కట్టే సైట్లలో అని రాశాను. ఆ ఐదు కూడా బట్టలు ఉతుక్కోవడానికి, టాయిలెట్ కింద ఉండే క్యాసెట్ (మలం చేరే పెట్టె) కడుక్కోవడానికి.

అమ్మినతను చెప్పిన లెక్క ఇది. బ్యాటరీ 100 ఆంపియర్ అవర్లు (అంటే ఒక ఆంపియర్ చొప్పున వంద గంటలు), ఫ్రిజ్ రోజుకి ముప్పై దాకా తింటుంది, కాబట్టి బండి కదలకపోయినా మూడు రోజులు ఢోకా లేదు. వినడానికి బాగుంది. లెడ్ యాసిడ్ రకం బ్యాటరీని, అది మాకున్నలాంటి ఏజీఎం (నీళ్లు పోయనక్కర్లేని మూసిన రకం) అయినా సరే, సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తరిగిపోతుందని అతను చెప్పలేదు. అంటే చేతికి వచ్చేది 50. పైగా ఆ ముప్పై చల్లటి రోజుల లెక్క. మా ఫ్రిజ్ కంప్రెసర్ తిరిగేటప్పుడు 4 ఆంపియర్లు లాగుతుంది. ఎండాకాలంలో రోజులో సగంసేపు తిరుగుతూనే ఉంటుంది కాబట్టి దానికే 48. రాత్రంతా తిరిగే చిన్న ఫ్యాను, నా ల్యాప్‌టాప్, ఫోన్లు, నీళ్ల పంపు కలిపితే 75 దాటుతుంది. ఇదంతా నేను తరవాత నేర్చుకున్న లెక్క. అప్పుడు నా దగ్గరున్నది మూడు రోజులనే మాటొక్కటే.

ఐదో రోజు తెల్లవారుజామున మెలకువ వచ్చింది. ఏదో తేడాగా ఉంది, ఏమిటో అర్థం కాలేదు. కాసేపటికి తెలిసింది, ఫ్రిజ్ చప్పుడు లేదు. తలుపు తీస్తే లోపల లైటు వెలగలేదు. వెనక కంప్రెసర్ పక్కన చిన్న ఎర్ర లైటు ఒకసారి వెలిగి ఆరిపోయింది. నాలుగు సెకన్లు ఆగి మళ్లీ ఒకసారి. పుస్తకం తీసి ఫోన్ వెలుగులో చూస్తే, ఒక మెరుపు అంటే బ్యాటరీ వోల్టేజీ పడిపోయిందని, ఫ్రిజ్ తనంతట తానే ఆగిపోయిందని అర్థం. పాలు విరిగాయి, పోతే పోయాయి. ఫ్రిజ్‌లో మా అత్తగారి ఇన్సులిన్ ఉంది. చాలా రకాల్లో వాడుతున్న పెన్ను మరీ వేడి తగలకుండా చూసుకుంటే నాలుగు వారాలు బయట ఉంచుకోవచ్చు. తెరవనివి మాత్రం 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. అవి ఎంతసేపటి నుంచి వేడెక్కుతున్నాయో తెలియదు. ఆవిడ మంచం మీద కూర్చుని "కంగారు పడకమ్మా" అంటూనే ఉన్నారు. నాకు చేతులు ఆడలేదు.

ఆ రోజే కొత్త మందు కొన్నాం, కరెంటున్న సైటులో దిగాం. బ్యాటరీ పాడైపోయిందని ఎవరికి వాళ్లం తేల్చేసుకుని మర్నాడు కొత్తది వేయించాం. రెండు రోజులు హాయిగా గడిచాయి. మూడో రోజు పొద్దున్నే మళ్లీ అదే ఎర్ర లైటు.

నాకైతే ఏడుపొచ్చింది. మా ఆయన వోల్టేజీ కొలిచే మల్టీమీటరు తీసి, దాని వైర్లకు ఇంకో రెండు వైర్లు అతికి, ఇంజన్ బ్యాటరీ నుంచి నా సీటు దాకా లాగారు. ఆయన నడుపుతుంటే నేను అంకెలు చదివాను.

"ఎంత?"

"పన్నెండున్నర."

"ఇంజన్ ఆన్‌లో ఉందే! పద్నాలుగు ఉండాలి."

"పన్నెండున్నరే అండీ."

దిగుడు వచ్చింది. ఆయన యాక్సిలరేటర్ మీద కాలు తీశారు. అంకె ఒక్కసారిగా 14.8కి లేచింది. కిందికి దిగాక మళ్లీ 12.5. ఎక్కడమో చదునో అయితే తక్కువ, బ్రేకు వేస్తే ఎక్కువ. అరగంట ఇదే ఆట. ఇంతలో ముందు సొరంగం వచ్చి ఆయన హెడ్‌లైట్లు వేశారు. అంకె 14.2కి వెళ్లి అక్కడే నిలబడింది. బయటికొచ్చి లైట్లు ఆర్పగానే పడిపోయింది.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మొదటి ట్రిప్పులో తొమ్మిది రోజులూ వాన. తొమ్మిది రోజులూ పగలే హెడ్‌లైట్లు వేసుకుని తిరిగాం. చల్లగా ఉండటంతో ఫ్రిజ్‌కీ పెద్ద పని లేకపోయింది. నేను అందరికీ చెప్పిన గొప్పలన్నీ ఆ వాన చలవే.

తరవాత ఒక ఆటో ఎలక్ట్రీషియన్ చావు కబురు చల్లగా చెప్పాడు. కొత్త ఇంజన్లలో డీజిల్ ఆదా కోసం, పొగ తగ్గించడానికి, ఇంజన్ బ్యాటరీ నిండగానే కంప్యూటరు ఆల్టర్నేటర్‌ని (ఇంజన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించేదాన్ని) తగ్గించేస్తుంది. కాలు తీసినప్పుడు, బ్రేకు వేసినప్పుడు మాత్రం వృథాగా పోయే శక్తిని పట్టుకోవడానికి పెంచుతుంది. మా బండిలో రెండు బ్యాటరీలనూ కలిపేది మామూలు రిలే, అంటే దానంతటదే పడే స్విచ్చు. వోల్టేజీ 13.3 దాటితే అతుక్కుంటుంది, 12.8 కన్నా తగ్గితే విడిపోతుంది. పాతకాలపు ఇంజన్లకి అది చాలు. మా బండిలో అది రోజంతా అతుక్కోవడం, విడిపోవడం, అంతే. వెనక, సీటు కింది బ్యాటరీకి చేరింది పెద్దగా ఏమీ లేదు. రిలే తీసేసి 30 ఆంపియర్ల డీసీ టు డీసీ చార్జర్ పెట్టాడు. ముందు నుంచి వోల్టేజీ తక్కువ వచ్చినా అది పెంచి, వెనక బ్యాటరీకి కావలసినట్టు ఇస్తుంది.

ఆ ట్రిప్పులో చివరికి డబ్బు కట్టిన రాత్రులు 12. అనుకున్నవి 5. దానికి తోడు అవసరం లేని బ్యాటరీ ఒకటి. బడ్జెట్ కాగితం ఇప్పటికీ దాచాను, ఎందుకో నాకే తెలియదు.

చార్జర్ పెట్టాక సంగతి వేరు. రెండు గంటలు నడిపితే యాభై ఆంపియర్ అవర్ల దాకా ఎక్కుతుంది. ఇక్కడ ఆగితే మళ్లీ మొదటిసారి చేసిన తప్పే చేసినట్టు. ఈ రకం బ్యాటరీ ఎనభై శాతం దాకా గబగబా తాగుతుంది. ఆ పైన మాత్రం మొండికేస్తుంది, మిగిలింది నిండడానికి గంటలు పడుతుంది. అందుకే కొన్ని రోజులకోసారి కరెంటున్న సైటులో రాత్రంతా పెట్టి పూర్తిగా నింపాలి, లేకపోతే నెమ్మదిగా దెబ్బతింటుంది. లిథియం బ్యాటరీకి ఈ బాధ లేదు, బరువూ సగం కన్నా తక్కువ. గడ్డకట్టే చలిలో మాత్రం దాన్ని చార్జ్ చెయ్యకూడదు. మేం చలి ప్రాంతాలకీ వెళతాం, ఇప్పుడున్నది కొత్తదే, కాబట్టి ఇంకా మార్చలేదు.

కప్పు మీద ఒక సోలార్ ప్యానెల్ కూడా వేయించాం. మంచి ఎండలో రోజుకి 30 దాకా ఇస్తుంది. కానీ ఎండాకాలంలో బండిని మనుషుల కోసం నీడలో ఆపాలా, ప్యానెల్ కోసం ఎండలో ఆపాలా? ఒక్క కొమ్మ నీడ పడినా దాని రాబడి పడిపోతుంది. మా ఇంట్లో గొడవలకి ఇదో కొత్త కారణం.

అన్నింటికన్నా నచ్చింది అన్నింటికన్నా చిన్నది. లోపలికి ఎంత వెళ్లింది, బయటికి ఎంత వచ్చింది లెక్కగట్టి శాతంలో చూపించే మీటరు. అంతకుముందు గోడ మీద నాలుగు పచ్చ గీతలుండేవి, ఫ్రిజ్ ఆగిన రోజు కూడా రెండు వెలుగుతూనే ఉన్నాయి. మీటరు కూడా బ్యాటరీ అప్పుడప్పుడు పూర్తిగా నిండితేనే నిజం చెబుతుంది, లేకపోతే లెక్క జారుతుంది. అయినా ఇది ముందే ఉండి ఉంటే పాతది పాడైందనుకుని ఆ కొత్త బ్యాటరీ కొనేవాళ్లం కాదు.

ఇప్పుడు బడ్జెట్ వేసేటప్పుడు ప్రతి రోజు పక్కన ఖర్చు, రాబడి అని కరెంటుకి రెండు గళ్లు గీస్తాను. ఎండాకాలంలో మా ఖర్చు 75, ప్యానెల్ ఇచ్చే 30 పోను 45; చేతిలో ఉండేది 50. కదలకుండా ఒక రోజు ఆగగలం, రెండో రోజు ఆగలేం. అందుకని వరసగా రెండు రాత్రులు ఒకేచోట అనుకుంటే రెండోది డబ్బు కట్టే సైటులోనే అని ముందే రాసేస్తాను.

ఇలాంటి బండి తీసుకోమంటావా అని అడిగితే, మీ ఫ్రిజ్‌లో ఏముందో చెప్పండి అంటాను. ఇద్దరే వెళ్తూ, రోజూ మూడు నాలుగు గంటలు నడుపుతూ, చల్లటి కాలంలో తిరిగితే ఈ గొడవ మీకు చాలావరకు అక్కర్లేదు. పాత ఇంజన్ అయితే రిలేనే సరిపోవచ్చు. మాది ముగ్గురి బండి, ఒకరికి మందు చల్లగా ఉండాలి, నాకు దారిలో ఆఫీసు పని ఉంటుంది. మల్టీమీటరుతో ఇంజన్ ఆన్‌లో ఉండగా అరగంట తిరిగి చూడకుండా, అమ్మేవాళ్లు ఇచ్చే రోజుల లెక్క మీద నేనైతే ఒక్క రాత్రి కూడా రాసుకోను.

మా అత్తగారు ఇప్పుడు పొద్దున లేవగానే "ఎంతుందమ్మా?" అని అడుగుతారు. చూసి చెబుతాను. షుగరు రాసుకునే పుస్తకంలో ఆవిడ పక్కన ఇంకో గడి గీసుకున్నారు. మొన్నటి ట్రిప్పులో మూడో రోజు ఇలా ఉంది: షుగర్ 118, బ్యాటరీ 64.