హెచ్‌సీయూలో జీవశాస్త్రం ఎమ్మెస్సీ: ఎవరికి సరిపోతుంది?

బీజడ్‌సీ (వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం) గ్రూపుతో డిగ్రీ ముగించి, తరువాత ఎక్కడ చేరాలని ఆలోచించే తెలుగు విద్యార్థుల మాటల్లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం (హెచ్‌సీయూ) పేరు తప్పక వినిపిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ప్రాంతీయ వివాదాల పరిష్కారానికి రూపొందిన ఆరు సూత్రాల పథకం ఫలితంగా, పార్లమెంటు చట్టంతో 1974 అక్టోబరు 2న ఆరంభమైన ఈ సంస్థ తొలినాళ్లలో ఆబిడ్స్‌లోని సరోజినీ నాయుడి ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్‌లో నడిచి, తరువాత గచ్చిబౌలికి తరలింది. ఇక్కడి స్కూల్ ఆఫ్ లైఫ్ సైన్సెస్‌లో జీవరసాయనశాస్త్రం, వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, బయోటెక్నాలజీ వంటి శాఖలు రెండేళ్ల ఎమ్మెస్సీ నడుపుతున్నాయి. ఈ సమీక్ష ఆ చదువుకే పరిమితం.

ముందుగా చెప్పవలసిన సంగతి ఒకటుంది. శాఖల పేర్లు వృక్షశాస్త్రమనీ జంతుశాస్త్రమనీ ఉన్నా, ఇక్కడి జీవశాస్త్రం ప్రధానంగా అణుస్థాయి జీవశాస్త్రమే. మొక్కను చూసి కుటుంబం చెప్పగలగడం, ఎండబెట్టిన మొక్కల నమూనాలను అంటించే హెర్బేరియం షీట్లు తయారుచేయడం, కప్పల కూతను బట్టి జాతిని గుర్తించడం వంటి వాటిపై మక్కువతో వచ్చే విద్యార్థికి జన్యువులు, ప్రోటీన్లు, కణసంకేతాలే ఎక్కువగా ఎదురవుతాయి. ఇది లోపమని నేను అనను; పాఠాలు చెప్పేవారు స్వయంగా పరిశోధనశాలలు నడుపుతున్నప్పుడు వారి పని ఏ దిశలో ఉంటే బోధన కూడా అటే మొగ్గుతుంది. కాని దరఖాస్తు చేసేవారు ఈ సంగతి తెలుసుకుని చేయడం మేలు.

ఆ మొగ్గు వల్ల కలిగే లాభం మాత్రం చిన్నది కాదు. టమాటా జన్యుశాస్త్రాన్నే ఉదాహరణగా తీసుకుంటే, ఇక్కడి వృక్షశాస్త్ర శాఖలో ఆ పంటకోసం ప్రత్యేకంగా ఒక జన్యువనరుల భాండాగారమే ఉంది. ఉత్పరివర్తనం, అంటే జన్యువులో వచ్చే మార్పు, గురించి డిగ్రీలో నాలుగు మార్కుల ప్రశ్నగా చదివిన విద్యార్థికి, ఉత్పరివర్తనం చెందిన మొక్కలను తరతరాలుగా పెంచుతూ, వాటిలో ఏ జన్యువు మారితే కాయ రంగు ఎలా మారుతుందో వెదుకుతున్నవారు నడవా అవతలి గదిలోనే ఉంటారు. పైపెట్ పట్టుకోవడం, డీఎన్ఏ ముక్కలను వేరుచేసే జెల్ పోయడం, డీఎన్ఏ ప్రతులను పెంచే పీసీఆర్ పనిచేయకపోతే కారణం వెదకడం పుస్తకంతో వచ్చే విద్యలు కావు. గట్టు మీద కూర్చుని ఈత గురించి వింటే ఈత రాదు కదా. రెండో ఏడాదిలో చేసే ప్రాజెక్టు ఈ చదువుకు గుండెకాయ అని నా అభిప్రాయం. దానిని సర్టిఫికెట్‌కోసం చేసే లాంఛనంగా చూసేవారు ఈ రెండేళ్లలో సగం వదులుకున్నట్లే.

పరిశోధన ఫెలోషిప్‌కు, అధ్యాపక ఉద్యోగానికి అర్హత తేల్చే నెట్ పరీక్ష రాయదలచినవారికి ఇందులో మరో ప్రయోజనం ఉంది. సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ ప్రశ్నపత్రంలో మొత్తం 200 మార్కులకు 100 మార్కులు సి విభాగానివే. అందులోని 75 ప్రశ్నల్లో 25 రాస్తే చాలు, కాని వాటిలో ఎక్కువ భాగం ఒక ప్రయోగాన్నో గ్రాఫునో ఇచ్చి, దాని నుంచి ఏమి తేలుతుందో చెప్పమంటాయి. కోచింగ్ నోట్సు బట్టీపట్టినవారు తడబడేది అక్కడే. నెలకు 37,000 రూపాయల జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) దక్కాలంటే ప్రయోగాన్ని చదవడం రావాలి, ఆ అలవాటు ప్రయోగశాలలోనే అబ్బుతుంది.

ఇక ప్రాంగణం. బండరాళ్లు, పొదలు, చెరువులతో నిండిన ఈ నేలలో నెమళ్లు, చుక్కల జింకలు, నక్షత్ర తాబేళ్లు ఉన్నాయి. మురీసియా హైదరాబాదెన్సిస్ అనే సాలీడును తొలిసారి గుర్తించినదీ ఇక్కడే. ప్రాంగణాన్ని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్ల నరికివేతను 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపించినప్పుడు దేశమంతా ఈ నేల గురించి మాట్లాడుకుంది. ఇంతటి సజీవ ప్రయోగశాల గుమ్మం ముందే ఉండగా, అణుజీవశాస్త్రం చదివే విద్యార్థి చేత కూడా ఒక సెమిస్టరంతా అందులోని మొక్కలు, జంతువుల లెక్కలు తీయించవచ్చునని నాకనిపిస్తుంది. అది జరిగే వరకు, పక్షులను చూసే ఆసక్తి ఉన్నవారు తెల్లవారుజామున తమంతట తామే నోటుపుస్తకం పట్టుకుని చెరువు గట్టుకు వెళ్లవలసిందే.

బోధన అంతా ఇంగ్లీషులోనే. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారికి మొదటి సెమిస్టరు కష్టమే. విషయం తెలిసి కూడా సెమినార్‌లో నోరు పెగలదు. కేరళ, ఒడిశా, బెంగాల్ నుంచి వచ్చిన సహాధ్యాయుల ఇంగ్లీషు కూడా పుస్తకాల ఇంగ్లీషు కాదని కొన్ని వారాల్లో తెలిసిపోతుంది కనుక, బెదిరి వెనుదిరగవలసిన పని లేదు. రుసుములు ప్రైవేటు సంస్థలతో పోల్చదగినవే కావు, చాలా తక్కువ. వసతి, భోజనం పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఎలా ఉంటాయో అలాగే ఉంటాయి.

కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రమైన సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ, పటాన్‌చెరులోని మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఈ నగర పరిసరాల్లోనే ఉండడం మరో సౌలభ్యం, అయితే గచ్చిబౌలి నుంచి సీసీఎంబీ ఉన్న హబ్సిగూడకు రోజూ తిరగడం తేలిక కాదు. ప్రవేశాల విషయంలో ఒక జాగ్రత్త అవసరం: చాలా ఎమ్మెస్సీ కోర్సులకు సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి గాని, బయోటెక్నాలజీకి గాట్-బీ అనే వేరే పరీక్ష ఉంది. రెండింటి ప్రకటనలూ వేరువేరుగా వస్తాయి కాబట్టి, బయోటెక్నాలజీ కావాలనుకునేవారు సీయూఈటీ ఒక్కటి రాసి ఊరుకోకూడదు.